పొగమంచులోకి నడిచిన కంపెనీ

2004 జూన్ చివరలో నన్ను వార్తా విభాగం నుంచి నాటక విభాగానికి మార్చారు. అప్పటికి రాయపూర్‌లోని ఒక టీవీ కేంద్రంలో నేను వీడియో ఎడిటర్‌ని. హోదా రెండు చోట్లా ఒకటే, పని మాత్రం వేరు. వార్తల్లో మంత్రిగారు రిబ్బన్ కత్తిరించేదాకా ఉంచి, చప్పట్లు కాసేపు వినిపించి ఆపేస్తే చాలు. నాటకంలో ప్రతి షాటు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఒక్కో పంచాయితీ. పంచాయితీలంటే నాకు భయం లేదు. ఒకచోట కుదురుగా కూర్చుని ఎదురుచూడటమే నా ఒంటికి పడదు. ఆ బదిలీలో నా వంతుకు వచ్చింది సరిగ్గా అదే.

నాకు అప్పగించింది నాలుగు భాగాల హిందీ నాటకం. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో తప్పిపోయిన ఒక కంపెనీ కథ. కంపెనీ అంటే నూరుమందికి పైగా ఉండే సైనిక దళం. వెనక్కి రమ్మన్న ఆజ్ఞ అందుకుని ఆ దళం అడవి దారి పట్టింది. తర్వాత అందులో ఒక్కరి ఆచూకీ తెలియలేదు. రచయిత ఫలానా దళమని పేరు పెట్టలేదు. అలా తిరిగిరాని వాళ్ళ ఇళ్ళలో చెప్పుకునే సంగతులు పోగుచేసి, తన కల్పన కలిపి రాశాడు. ఆగస్టు పదిహేను వారంలో ప్రసారం కావాలి. మొదటి మూడు భాగాలు నాకు ముందున్న ఎడిటర్ పూర్తిచేసి సెలవు మీద వెళ్ళారు. నాకు మిగిలింది ఆఖరి భాగం, అంటే ఆ మనుషులు ఏమయ్యారో చెప్పాల్సిన భాగం.

నిర్మాత శుక్లా గారు కవి. ఇది వెక్కిరింత కాదు, ఆయన నిజంగానే కవితలు రాసేవారు. నిర్మాత కవి అయితే ఎడిటర్‌కు భోజనం వేళలు తప్పుతాయి. ముగింపు విషయంలో ఆయన ముందే తీర్మానించుకున్నారు. స్క్రిప్టు మొదటి ప్రతిలో సిపాయిలు వానలో ఒక్కొక్కరే నేలకొరుగుతారు. ఆ దృశ్యాలు ముందటేడు వానాకాలంలో అడవిలో తీశారు కూడా. తర్వాత జనవరిలో ఒక తెల్లవారుజామున నది ఒడ్డున దట్టమైన మంచు దొరికింది. కంపెనీ మొత్తం వరసగా ఆ మంచులోకి నడిచి కనబడకుండా పోయే షాటు ఒకటి తీసుకున్నారు. దాంతో చావులన్నీ రద్దయ్యాయి. షాటు బాగుంటుంది, అందులో నాకు తగాదా లేదు.

ఆ రోజుల్లో మాది టేపుల పని. ఎడమవైపు యంత్రంలో షూటింగ్ టేపు ఆడుతుంది. అందులోంచి మనకు కావలసిన ముక్క మాత్రమే కుడివైపు యంత్రంలో ఉన్న మాస్టర్ టేపు మీదికి ఎక్కుతుంది. ముక్క మొదలు ఒక మీట, ఆఖరు ఒక మీట. వానాకాలం తేమకు యంత్రం లోపల టేపును చదివే హెడ్డు మీద మడ్డి పట్టి బొమ్మ మీద గీతలు పడేవి. ఇంజనీరు వచ్చి తుడిచేదాకా పని ఆగిపోయేది. ఆయన వచ్చేదాకా నేను వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేదాన్ని. ఆ జూలైలో నేను ఆ వరండాలో నడిచిన దూరానికి బర్మా చేరి ఉండేదాన్నని సూరిబాబు అనేవాడు.

సూరిబాబు మా ఫ్లోర్ అసిస్టెంట్. షూటింగ్ స్థలంలో మనుషుల్నీ సామాన్లనూ వేళకు కెమెరా ముందు నిలబెట్టడం అతని పని. అతనిదీ నాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. కొన్నేళ్ళు హైదరాబాదులో సినిమా కంపెనీల్లో పనిచేసి తిరిగొచ్చాడు. నాటకం చివర తప్పిపోయిన సైనికుల కుటుంబాల వాళ్ళ మాటలు ఒకటి రెండు పెట్టాలని శుక్లా గారి ఆలోచన. అందుకోసం సూరిబాబు తాముండే రైల్వే కాలనీ నుంచి పైడమ్మ గారిని తీసుకొచ్చాడు.

పైడమ్మ గారికి అరవై దాటాయి. వాళ్ళది విజయనగరం దగ్గర పల్లె. కొడుకు అప్పలరాజుకు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉద్యోగం రావడంతో ఆవిడా, ఆవిడ తల్లీ రాయపూర్ వచ్చేశారు. తల్లి పోయి అప్పటికి రెండేళ్ళు. పైడమ్మ గారు కడుపులో ఉండగా తండ్రి పటాలంలో బర్మా వెళ్ళాడు. నాయక్ హోదా అని ఒక్కటే ఆవిడకు తెలుసు, అంటే కొద్దిమంది సిపాయిల మీద చిన్న పెత్తనం. ఫోటో లేదు. ఇంటికి అందిన ఆఖరి కబురు 'ఆచూకీ తెలియడం లేదు' అని. స్టూడియోలో కెమెరా ముందు కూర్చోబెడితే ఇదే చెప్పి, ఇంకేమీ లేదు బాబూ అని లేచింది.

వెళ్ళేముందు ఆవిడ సూరిబాబును ఒక్కటే అడిగింది, నాటకం ఆఖర్న ఏమవుతుందో చూస్తానని. బయటివాళ్ళు ఎడిటింగ్ గదిలోకి రావాలంటే ప్రోగ్రామ్ ఆఫీసరు సంతకం ఉండాలి. సూరిబాబు ఎలాగో చేయించుకొచ్చాడు. నాకు పని మధ్యలో మనుషులు వెనక నిలబడితే చిరాకు. అయినా తెచ్చాడు కదా అని మంచు షాటు వేసి చూపించాను. సిపాయిలు ఒకరి వెనక ఒకరు మంచులోకి పోయారు. తెర తెల్లగా మిగిలింది. పైడమ్మ గారు తెర వైపు వంగింది.

"ఇంకా నడుస్తనే ఉన్నారేటమ్మా వీళ్ళు?" అంది.

అది ముగింపు అని, వాళ్ళు ఏమయ్యారో ఎవరికీ తెలియదు కాబట్టి అలా తీశారని చెప్పాను.

"తెల్దని మా ఇంట్ల ఉన్నదే కదా. దానికి టీవీ దేనికి?" అని ఆవిడ కుర్చీలో కూర్చుంది. "మా యమ్మ సచ్చిపోయేదాకా బొట్టు తియ్యనేదు తల్లీ. ఆయన కోసం మా ఇంట్ల ఎవులమూ ఏడవనేదు. ఏడిస్తే పోయినట్టే అని మా యమ్మ భయం. సిన్నప్పుడు ఓపాలి నాను ఏడిస్తే సెంప మీద కొట్టింది. అలగ మా యమ్మ బతికినన్నాళ్ళూ నడిపించింది. ఇప్పుడు మీరూ నడిపిస్తన్నారు. ఎక్కడో ఓకాడ పడుకోనియ్యండమ్మా. ఓపాలి సూసుకుని ఏడిసి ఊరుకుంటాను."

ఇది కేవలం నాటకమనీ, రాసినవాడు బర్మా మొహం ఎరగడనీ, ఈ ఊళ్ళోనే దేవేంద్ర నగర్‌లో ఫ్యాను కింద కూర్చుని రాశాడనీ అన్నాను. కటువుగానే అన్నాననుకుంటాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"నాకు తెల్దేటి? పిచ్చిదాన్నా? గవర్మెంటు ఆపాటి కత కూడా సెప్పనేదు కదా."

ఆవిడ వెళ్ళాక ఆ మంచు షాటు మళ్ళీ వేసి చూశాను. అంతకుముందు రోజు దాకా నచ్చినదే. ఇప్పుడు చూస్తుంటే ఒళ్ళు మండింది. లేచి నేరుగా శుక్లా గారి గదికి వెళ్ళాను.

శుక్లా గారు చాలా మర్యాదస్తుడు. కోపం వస్తే ఆయన హిందీ ఇంకా శుద్ధమైపోతుంది. చావు చూపించడం వార్తల వాళ్ళ పని అని, మీరు ఇంకా ఆ విభాగం నుంచి బయటికి రాలేదని సెలవిచ్చారు. మూడు భాగాలు చూసిన ప్రేక్షకుడికి ఒక్క మనిషైనా చేతికి దొరకాలి కదా అని నేను. ఇద్దరం కలిసి స్టేషన్ డైరెక్టరు ముందుకు వెళ్ళాం. ఆయన అడిగింది మరొకటి. రికార్డులో ఆచూకీ తెలియదని ఉన్నవాళ్ళను మనం ఎలా చంపుతాం, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఏ ఆధారం చూపిస్తాం అని. మా కేంద్రంలో ఏ నాటకమైనా ప్రసారానికి ముందు ఆయన అధ్యక్షతన కమిటీ చూసి ఆమోదించాలి. దాన్ని ప్రీవ్యూ అంటారు. అక్కడ ఆగిపోతే ఇక కదలదు. కాబట్టి ఆయన ప్రశ్నకు జవాబు కావాలి.

నేను ఒక మధ్యేమార్గం చెప్పాను. కంపెనీ మంచులోకే వెళ్ళనివ్వండి. అంతకుముందు వానలో వెనకబడిన ఒక్క నాయక్ మాత్రం నేలకొరుగుతాడు. ఆ నాయక్ రచయిత కల్పించిన మనిషి, అతని పేరు ఏ రికార్డులోనూ లేదు. డైరెక్టరు గారు ఎడిట్ చేసి చూపించమన్నారు, మాట ఇవ్వలేదు. శుక్లా గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఎడిటింగ్ గది తలుపు దగ్గర నిలబడి, చచ్చేది ఒక్కడే, నా మంచు జోలికి మాత్రం రావద్దు అని చెప్పి వెళ్ళిపోయారు.

అప్పుడు మొదలైంది అసలు తంటా. పక్కన పెట్టేసిన వాన టేపులు తెప్పించి చూశాను. సిపాయిలుగా వేసినవాళ్ళంతా ఊరి శివార్లలోని బీర్‌గావ్‌లో ఉండే ఫ్యాక్టరీ కార్మికులు. సన్నగా, ఎండకు కమిలిన శరీరాలు, యూనిఫాం వేస్తే ఆకలితో ఉన్న దళంలాగే కనిపించారు. ఒక్కొక్కడూ చక్కగా పడుతున్నాడు. పడి కళ్ళు మూస్తున్నాడు. ఒక్క ఊపిరి తీసేంత వ్యవధి కూడా లేదు, వెంటనే కళ్ళు తెరిచి, కెమెరా వైపు తిరిగి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఒకడు కాదు, అందరూ. ప్రతి టేపులోనూ చచ్చినవాడు లేచి నవ్వుతున్నాడు.

సూరిబాబును పిలిచి నిలదీశాను. ఇది సినిమా వాళ్ళ ఆచారమని చెప్పాడు. శవంగా వేసినవాడు కెమెరా ఆగకముందే లేచి దానిలోకి చూసి నవ్వాలి. లేకపోతే అతనికి కీడు అని నమ్మకం. ఆ నవ్వు ఎడిటర్ ఎలాగూ కోసేస్తాడు. హైదరాబాదులో ఇది తెలిసినవాళ్ళు దర్శకుడు సైగ చేసేదాకా చచ్చిపోయే ఉంటారు. వీళ్ళకు ఎప్పుడు నవ్వాలో ఎవరూ చెప్పలేదు, నవ్వాలని మాత్రమే చెప్పారు.

"ఏటి సెయ్యమంటారు మేడమ్," అన్నాడు సూరిబాబు. "ముందు రోజు ఆల పెళ్ళాలు ఒచ్చి గొడవెట్టుకున్నారు. మా మగోళ్ళని ఉత్తినే సంపుతారా అని. నవ్వించీసి పంపుతానని మాటిచ్చినాను. ఆళ్ళు నవ్వడానికే తొందరపడ్డారు, పడుకోడానికి కాదు."

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. నాయక్‌గా వేసిన మనిషి పేరు దుకాలూ. మళ్ళీ తీద్దామంటే, వరినాట్ల కాలం కావడంతో అతను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి తన ఊరు వెళ్ళిపోయాడు. ఎప్పుడొస్తాడో బీర్‌గావ్‌లో ఎవరికీ తెలియదు. నాట్లు అయ్యేదాకా ఛత్తీస్‌గఢ్ మనిషిని పొలంలోంచి లాగడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి ఉన్నదానితోనే సరిపెట్టాలి. దుకాలూ చెట్టు మొదట్లో ఒరిగి కళ్ళు మూసిన క్షణం చాలా చిన్నది. ఆ ఫ్రేమును నిలిపి ఉంచితే మొహం మీద వాన చుక్కలు గాలిలో ఆగిపోతున్నాయి. చూసినవాడికి యంత్రం చెడిపోయిందనిపిస్తుంది. వేగం తగ్గించి నిదానంగా నడిపిస్తే పెదవి అంచున నవ్వు మొలవడం మరీ స్పష్టంగా కనిపిస్తోంది. రోజూ కూర్చోవడం, ఒక ముక్క అతికించడం, చూసి తీసేయడం, లేచి వరండాలో తిరగడం. ప్రీవ్యూ దగ్గరపడుతోంది. హెడ్డు మీద మడ్డి. కరెంటు పోతే జనరేటరు అందుకునే లోపు టేపు నలిగిందేమోనని భయం. ఇంట్లో అన్నం కలుపుతూ కూడా ఆ మొహమే ఆలోచిస్తూ ఉప్పు రెండుసార్లు వేసుకున్నాను.

చివరికి ఆ క్షణాన్ని రెండు ముక్కలు చేశాను. మొదట అతను ఒరిగి కళ్ళు మూయడం. తర్వాత వేరే టేపుల్లోంచి వానకు తడుస్తున్న ఒక చెయ్యి, బూటు పక్క నుంచి పారే నీళ్ళు, పైన ఆకులు. వాటి మీద దూరం నుంచి హవల్దారు హాజరు పిలుస్తున్న గొంతు. నాయక్ పేరు రెండుసార్లు పిలుస్తాడు. జవాబు రాదు. అప్పుడు మళ్ళీ దుకాలూ మొహం, నవ్వుకు ముందు మిగిలిన కాస్త ముక్క. చూసేవాడి మనసు మధ్యలో చాలాసేపు గడిచిందని అనుకుంటుంది. ఆ వరస దొరికిన రోజు శుక్లా గారు వచ్చి నిలబడి చూశారు. నాకు టీ తెప్పించారు.

ఆఖరి ముక్క ఎక్కించాల్సిన మధ్యాహ్నానికి పైడమ్మ గారిని రమ్మని కబురు పెట్టాను. కమిటీ ఒప్పుకుంటుందో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే ఆవిడ ఇక ఎప్పటికీ చూడదు. ఈసారి సంతకం నేనే తెచ్చాను. ఆవిడ ఉతికిన నేత చీర కట్టుకుని, ఊరికి బయల్దేరినట్టు సంచీతో వచ్చింది. కుర్చీ చూపించి, ముందు అయినంతవరకు వేశాను. ఒరగడం, చెయ్యి, నీళ్ళు, ఆకులు, హాజరు పిలుపు. తర్వాత మిగిలిన మొహం ముక్కను ఆవిడ ముందే ఎక్కించాను.

ఆవిడ కంట తడి లేదు.

"ఇంతేనా?" అంది.

నిజం చెప్పాలంటే నాకు నీరసం వచ్చేసింది. ఇద్దరు అధికారులతో గొడవపడి, నిద్ర చెడగొట్టుకుని చేసింది దీనికోసమా అనిపించింది. ఈలోగా ఒక సంగతి మరిచాను. ముక్క ఎక్కడం పూర్తయినా మా యంత్రం వెంటనే ఆగదు. కుడివైపు రికార్డింగు నిలిచిపోయాక కూడా ఎడమవైపు టేపు కొద్దిసేపు ముందుకు నడిచి అప్పుడు ఆగుతుంది. రోజుకు ఎన్నోసార్లు చూసేదే కాబట్టి మాకు అది కంటికి కూడా ఆనదు. ఎడమవైపు తెర మీద దుకాలూ కళ్ళు తెరిచాడు. వానలో తడిసిన మొహంతో, అంత దగ్గర నుంచి, మమ్మల్ని చూసి నవ్వాడు.

చేసినదంతా పాడైందనుకుని మీట నొక్కబోయాను. పైడమ్మ గారు నా చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మా," అంది. టేపు దానంతట అది ఆగింది. నవ్వు తెర మీద నిలిచిపోయింది. అప్పుడు ఆవిడ ఏడ్చింది. ముందు చప్పుడు లేకుండా, తర్వాత నోరు తెరిచి, ఇంట్లో మనిషి పోయినప్పుడు ఏడ్చినట్టే. సూరిబాబు తలుపు మూసి బయట నిలబడ్డాడు. నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. ఆ నెలన్నరలో నేను అలా కూర్చున్నది ఆ ఒక్కసారే.

"మా నాయిన నవ్వితే ఎలగుంటాదో నాకు ఎవులూ సెప్పనేదమ్మా," అంది చాలాసేపటి తర్వాత. కొంగుతో మొహం తుడుచుకుని, ఆ వేసినాయన ఎవరు, ఇంటికి క్షేమంగా వెళ్ళాడా అని అడిగింది. నాట్లు వేసుకుంటున్నాడని చెప్పాను. మంచిదంది.

ప్రీవ్యూ అనుకున్న రోజునే జరిగింది. కమిటీలో ఇద్దరు సభ్యులు ముగింపు బాగుందన్నారు, ఒకరు సాగదీశారన్నారు. స్టేషన్ డైరెక్టరు ఒక షరతు పెట్టి ఆమోదించారు. ఇది కల్పిత నాటకమనీ, ఇలా తప్పిపోయిన ఎందరో సైనికులు రికార్డుల్లో ఇప్పటికీ ఆచూకీ తెలియనివారుగానే ఉన్నారనీ చివర అక్షరాలు వేయాలి. వేశాను. మంచు షాటు మీద ఆ అక్షరాలు పడటం శుక్లా గారికి నచ్చలేదు. అయినా సంతకం చేశారు.

ఆఖరి భాగం ప్రసారం మాత్రం అనుకున్న వారంలో కాలేదు. మూడు భాగాలు వచ్చాక, నాలుగో భాగం వేళకు ఆటల ప్రత్యక్ష ప్రసారం అడ్డొచ్చింది. తర్వాత వారం మరేదో ప్రత్యేక కార్యక్రమం. వాయిదా పడిన ప్రతిసారీ నేను అప్పలరాజు వర్క్‌షాపుకు ఫోను చేసి, అమ్మకు చెప్పు నాయనా, ఈ వారం లేదు అని చెప్పేదాన్ని. ఆవిడ టీవీ ముందు కూర్చుని నిరాశపడుతుందేమోనని నా ఆరాటం. సెప్టెంబరులో ఒక సాయంత్రం మొత్తానికి ప్రసారమైంది. ఇంట్లో మేమంతా చూశాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అప్పలరాజుకు ఫోను చేసి, అమ్మ ఏమందని అడిగాను.

అతను కాస్త ఇబ్బందిపడ్డాడు. "అమ్మ సూడనేదు మేడమ్. పక్క క్వార్టరోళ్ళంతా మా ఇంటికే ఒచ్చి సూసినారు. ఆవిడ మట్టుకు సబ్జీ తెస్తానని బజారుకెళ్ళిపోయింది. అదేటమ్మా అంటే, నాకు ఆవేళే అయిపోనాది, పోయినోడిని మళ్ళీ సంపుతారేటి అంది."

నాకు కోపం వచ్చింది. వాయిదా వాయిదాకు ఫోన్లు చేసింది నేను. ఆ కోపం మధ్యాహ్నం దాకా ఉంది. తర్వాత వేరే పని వచ్చి పడింది.

మా కార్యాలయంలో లెక్కలన్నీ ప్రసారం తేదీ నుంచి వెనక్కి వేస్తారు. ఎడిటింగ్ ఎప్పటికి కావాలి, ప్రీవ్యూ ఎప్పుడు జరగాలి, అన్నీ ఆ తేదీని బట్టే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేనూ అలాగే లెక్కపెట్టాను. ఈ నాటకంతో తెలిసిందేమిటంటే, ఆ తేదీ పని అయిపోయిందని కార్యాలయానికి చెబుతుంది, అంతవరకే. పని ఎవరికి అవసరమో వాళ్ళకు అది అంతకుముందే ముగిసి ఉండవచ్చు, మనం వృథా అని కోసిపారేసిన ముక్కతోనే ముగిసి ఉండవచ్చు. తర్వాత రిటైరయ్యేదాకా, తెర మీది కథతో సంబంధం ఉన్న మనిషి ఎవరైనా ఎడిటింగ్ గదికి వచ్చినప్పుడు, ముక్క ఎక్కగానే మీట నొక్కి టేపు ఆపడం మానేశాను. దానంతట అది ఆగనిచ్చేదాన్ని.